పాటకు కీబోర్డ్ పెట్టండి, పాడిన అవ్వ పేరు కూడా పెట్టండి



మన గ్రూపుల కొన్ని రోజుల నుంచి ఒక ముచ్చట గట్టిగనే నడుస్తున్నది. ఈసారి తీజ్ కార్యక్రమంల తండా పాటలను కీబోర్డ్, ప్యాడ్స్ పెట్టి కొత్తగ పాడుదామని కొందరు అన్నరు. వద్దు, పాట ఆగమైతది, నంగారా తప్ప ఇంకోటి ముట్టొద్దని ఇంకొందరు అన్నరు. రెండు దిక్కులా మాటలు పెరిగినయి. ఒకరిద్దరు గ్రూపు విడిచి పోతమని కూడ అన్నరు. నేను చిన్నోన్ని, డిగ్రీ చదువుతున్న, మా ఇంట్ల కాలేజి గడప తొక్కిన మొదటోన్ని. అయినా ఈ ముచ్చట మీద కొంచెం చదివిన, చాన పాటలు విన్న. నాకు తోచింది రాస్తున్న. పోస్టు పొడుగైతది, ఓపిక పట్టి చదవండి.

నా మాట ముందుగాలనే చెప్తున్న. కీబోర్డ్ పెట్టుడు తప్పు కాదు. పాటను పట్టుకొచ్చి పాడిన మనిషిని వదిలేసుడు తప్పు. మనం కొట్లాడవలసింది వాయిద్యం మీద కాదు, పేరు మీద.

ఈ పంచాయితీ మనకే కొత్తగ వచ్చింది కాదు. 150 ఏండ్ల కింద యూరప్‌ల చెక్ వాళ్లకు ఇదే వచ్చింది. చెక్ అంటే ఇప్పుడు ప్రాగ్ రాజధానిగ ఉన్న దేశం. అప్పుడు వాళ్లకు సొంత దేశం లేకుండె. వియన్నాల కూసున్న చక్రవర్తి కింద ఉండిరి. పెద్ద కొలువులకు, పెద్ద చదువులకు జర్మన్ కావాలె. చెక్ భాష అంటే పల్లెటూరోళ్ల భాష, పనోళ్ల భాష అన్న చిన్నచూపు ఉండె. మన మక్తల్‌ల చూడండి. ఆఫీసుకు తెలుగు, బజారుకు తెలుగుతోపాటు కన్నడ, ఉర్దూ, ఇంట్ల గోర్ బోలి. నాలుగు భాషలల్ల మన భాషకు దొరికింది ఇంటి గడప లోపలి జాగ మాత్రమే. చెక్ సంగీతానికి తండ్రి అని చెప్పుకునే స్మెతనా కూడ చిన్నప్పుడు జర్మన్‌లనే చదువుకున్నడు, చెక్ సక్కగ రాసుడు పెద్దయినంక నేర్చుకున్నడు. ఈ ముచ్చట చదివినప్పుడు నాకు మన హాస్టల్ పిల్లలే యాదికొచ్చిన్రు. మనల ఎంతమందికి గోర్ బోలిల ఒక పేజీ రాయొస్తది?

అట్లాంటి కాలంల చదువుకున్న చెక్ వాళ్లు కొందరు పల్లెలకు పోయి పాటలు రాసుకొచ్చిన్రు. మొరావియా అనే ప్రాంతంల సుషిల్ అనే చర్చి ఫాదర్ ఊరూరు తిరిగి రెండు వేలకు పైగ పాటలు కూడబెట్టి 1860 నాటికి పుస్తకం వేసిండు. ఆ పుస్తకం నుంచే మన ముచ్చట మొదలైతది.

ఆంటొనిన్ ద్వోర్జాక్ అని ఒకాయన ఉండె. 1841ల పుట్టిండు. తండ్రి కసాయి పని చేసుకుంట చిన్న సత్రం నడిపేటోడు. ద్వోర్జాక్ ప్రాగ్‌ల ఒక వ్యాపారి ఇంట్ల పియానో నేర్పి పొట్ట పోసుకునేటోడు. ఆ ఇంటోళ్లు మొరావియా పల్లె పాటలకు పియానో జత చేసి ఇయ్యమని అడిగిన్రు. ద్వోర్జాక్ ఏం చేసిండంటే, సుషిల్ పుస్తకంల ఉన్న మాటలు తీసుకొని, రాగాలు మాత్రం తనే కొత్తగ కట్టిండు. ఇద్దరు ఆడోళ్లు పియానోతో కలిసి పాడుకునే పాటలు అవి. వ్యాపారి వాటిని తన ఖర్చుతోని అచ్చు వేయించిండు. అవి వియన్నాల ఉన్న బ్రామ్స్ అనే పెద్ద సంగీతకారుడి చేతికి పోయినయి. ఆయన బెర్లిన్‌ల ఉన్న తన ప్రచురణకర్తకు గట్టిగ చెప్పిండు. 1878ల పుస్తకం వచ్చింది, ద్వోర్జాక్ పేరు యూరప్ మొత్తం పాకింది.

పాట బాగున్నది, మనిషి కూడ కష్టజీవి, ఆయన మీద నాకేం కోపం లేదు. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ మాటలు మొదలు ఏదో ఒక పల్లెల కోత కోసుకుంటనో, ఇసుర్రాయి తిప్పుకుంటనో ఒక ఆడమనిషి నోట్లకెల్లి వచ్చినయి. ఆ పాట ప్రాగ్ దాటింది, వియన్నా దాటింది, బెర్లిన్ దాటింది. ఆ ఆడమనిషి పేరు మాత్రం ఆ ఊరు దాటలే. ఇయ్యాల మైకు ముందట ఆ పాటలు పాడేటోళ్లు ద్వోర్జాక్ పేరు చెప్తరు. ఆమె పేరు చెప్పుదామన్నా వాళ్లకు దొరకదు.

ఇగో రెండో ముచ్చట. ఇది మనకు ఇంకా దగ్గరిది. 1880ల ద్వోర్జాక్ ఏడు పాటల కట్ట ఒకటి చేసిండు. పేరు 'జిప్సీ పాటలు'. అందుల నాలుగోది లోకమంత తెలిసిన పాట. తల్లి నేర్పిన పాటను మళ్ల తన పిల్లలకు నేర్పుకుంట కన్నీళ్లు పెట్టుకునే మనిషి గురించి అది. యూట్యూబ్‌ల వెతికితే ఎన్నో గొంతులల్ల దొరుకుతది. భాష తెల్వకున్నా వినండి, గుండెల పడ్తది. కానీ ఆ మాటలు రాసింది జిప్సీ కాదు. అడాల్ఫ్ హైదుక్ అనే చెక్ కవి. పాడటానికి అనుకున్నది వియన్నా పెద్ద గాయకుడు గుస్తావ్ వాల్టర్ కోసం. అంటే జిప్సీ పాటల జిప్సీ మాట లేదు, జిప్సీ రాగం లేదు, జిప్సీ గొంతు లేదు. ఉన్నది పేరు ఒక్కటే.

మన పెద్దోళ్లు కొందరు జిప్సీలు, బంజారాలు ఒక్కటే అంటరు కదా. వాళ్లు తమను రోమా అని పిలుచుకుంటరు. వాళ్ల భాష మన ఉత్తర భారత భాషల కుటుంబంలదే, వెయ్యేండ్ల కింద ఇటు నుంచి పోయిన్రు అని భాష చదివినోళ్లు చెప్తరు. రక్తసంబంధం తేల్చుడు నా పని కాదు. కానీ మన బతుకుకు, వాళ్ల బతుకుకు పోలిక మాత్రం చూడకుంట ఉండలేం. సంచార బతుకు, దొంగలన్న ముద్ర, రంగురంగుల బట్టలు చూసి మురిసేటోళ్లు ఒక దిక్కు, ఊర్లకు రానియ్యనోళ్లు ఇంకో దిక్కు. ఇక్కడ ఇంగ్లీషోళ్లు 1871ల చట్టం తెచ్చి ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్తులని రాసిన్రు. ఆ చట్టం పోయింది 1952ల. అంటే స్వాతంత్య్రం వచ్చినంక కూడ ఐదేండ్లు ఉన్నది.

చెక్ దేశంల ఏమైందో చూడండి. 1916ల బ్రనో పట్నం పేపర్ల పేరు లేకుంట కొన్ని కవితలు వచ్చినయి. ఒక పల్లెటూరి రైతు పిలగాడు జెఫ్కా అనే జిప్సీ పిల్లను ప్రేమించి ఇల్లు విడిచిపోతడు. పోయేముందు రాసుకున్న కవితలు ఇవి అన్నట్టుగ అచ్చు వేసిన్రు. చదివినోళ్లు నిజంగనే పిలగాడు రాసిండనుకున్నరు. లియోష్ యానాచెక్ అనే సంగీతకారుడు అవి చదివి కదిలిపోయి, 22 భాగాల పాటల కథ కట్టిండు. గొంతు, పియానో, అంతే. 1921ల బ్రనోల మొదటిసారి పాడిన్రు. చానా గొప్ప పని అది, నేను సబ్‌టైటిల్స్ పెట్టుకొని రెండుసార్లు విన్న. కానీ దాదాపు 80 ఏండ్లకు బయటపడ్డ సంగతి ఏందంటే, ఆ కవితలు రాసింది పల్లెటూరి పిలగాడు కాదు, ఓజెఫ్ కల్దా అనే రచయిత. పిలగాడు కల్పన, జెఫ్కా కల్పన.

కల్పన తప్పా? కాదు. కవులు కల్పన చేస్తరు. కానీ ఆ తర్వాత ఇరవై ఏండ్లకు నాజీలు వచ్చిన్రు. చెక్ నేల మీద ఉన్న రోమా జనాన్ని లేటి, హొదొనిన్ అనే క్యాంపులల్ల పెట్టిన్రు, అక్కడికెల్లి ఆష్విట్జ్‌కు పంపిన్రు. అక్కడి రోమా జనంల ఎక్కువమంది వెనుకకు రాలే. యుద్ధం అయిపోయినంక లేటి క్యాంపు ఉన్న జాగల పందుల ఫారం కట్టిన్రు. అది దశాబ్దాలు నడిచింది, తీసేసి స్మారకం తెరిచేసరికి 2024 వచ్చింది. జెఫ్కా పాటకు చప్పట్లు కొట్టిన దేశంలనే నిజమైన జెఫ్కాల జాగల పందులను పెంచిన్రు. పాట మీద ప్రేమ వేరు, పాట పాడే మనిషి మీద ప్రేమ వేరు. మొదటిది ఉంటే రెండోది దానంతట అదే వస్తదని అనుకోవద్దు. మన బట్టలు చూసి, అద్దాలు చూసి, మన అమ్మల ఆట చూసి మురిసే వాళ్లందరు మన తండాకు రోడ్డు అడిగినప్పుడు మన పక్కన నిలబడ్తరా? మీకే తెలుసు.

మన తెలుగుల కూడ ఇట్లాంటిది ఒకటి ఉన్నది. నండూరి సుబ్బారావు గారి 'యెంకి పాటలు'. 1925ల పుస్తకంగ వచ్చినయి. నండూరి గారు చదువుకున్న వకీలు. పల్లె యాసల యెంకి, నాయుడు బావ అని ఇద్దరిని సృష్టించి ప్రేమ పాటలు రాసిండు. పల్లె మాటకు కవిత్వంల జాగ లేదనే పండితులు ఉన్న కాలంల అది ధైర్యమే. తర్వాత శ్రీరంగం గోపాలరత్నం గారి లాంటి గొప్ప గాయకులు వాటిని రేడియోల పాడిన్రు, లలిత సంగీతమని మనం చెప్పుకునే దాంట్ల అవి పెద్ద పేరు తెచ్చుకున్నయి. చెక్ వాళ్లు పియానో పెట్టి చేసింది, ఇక్కడ వీణ, వయొలిన్, వేణువు పెట్టి రేడియో చేసింది. యెంకి పాటలు నాకు ఇష్టమే. కానీ యెంకి ఏ ఊరి పిల్ల, నిజంగ ఏం పాడుకునేది అని అడిగితే జవాబు లేదు. యెంకి పేరు మీద మాట్లాడింది వకీలు గారు. అదే కాలంల పొలంల నాటు వేసుకుంట పాడిన వందలమంది నిజమైన యెంకిల పాటలు రాసుకున్నోళ్లు తక్కువ. తెలంగాణల ఉస్మానియాల బిరుదురాజు రామరాజు గారు 1950లల్ల జానపద గేయాల మీద పరిశోధన చేసేదాక మన పల్లె పాట యూనివర్సిటీ మెట్లు ఎక్కలే. ఆ తర్వాత కూడ ఎక్కింది తెలుగు పాటే. గోర్ బోలి పాట, కోయ పాట, గోండి పాట, కొలామీ పాట ఎంతవరకు ఎక్కినయో మనం చూసుకోవాలె.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2021ల 'లవ్ స్టోరీ' సినిమాకు 'సారంగదరియా' వచ్చింది. పాడింది మన బంజారా బిడ్డ మంగ్లీ. పాట ఊరూరా మోగింది. దాంతోపాటే ఈ పాటను ముందు వెలికి తీసింది ఎవరు, పేరు ఎవరికి రావాలె అని టీవీలల్ల పెద్ద చర్చ కూడ అయ్యింది. అదే ఏడాది 'భీమ్లా నాయక్' పాట మొదట్ల మన పాలమూరు కిన్నెర మోగింది. వాయించింది, పాడింది దర్శనం మొగులయ్య గారు. 12 మెట్ల కిన్నెర ఆయన చేతుల ఉన్నది. ఆయన పేరు, ఆయన ముఖం, ఆయన గొంతు అన్నీ పాటతోని కలిసి బయటకు వచ్చినయి. 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. చుట్టూ సినిమా వాయిద్యాలు ఎన్ని ఉన్నా కిన్నెర కిన్నెరగనే వినిపించింది. కొత్త వాయిద్యాల నడుమ పాత గొంతు బతుకుతదని దీంతోనే తెలుస్తది. మనిషిని ముందట నిలబెడితే పాట ఆగం కాదు.

మా తండాల జరిగింది ఒకటి చెప్త. మూడేండ్ల కింద ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు వచ్చిన్రు. మా దాదీ, ఇంకో నలుగురు ముసలోళ్లు ఒక పొద్దంత కూసొని పాడిన్రు. చాయ్ తాగిచ్చిన్రు, పోయిన్రు. రెండు నెలలకు ఆ పాటలల్ల ఒకటి డీజే బీట్ మీద వచ్చింది. ఎవరో పట్నం పిల్ల మన బట్టలేసుకొని ఎగిరింది. కింద రచన ఒకరి పేరు, సంగీతం ఒకరి పేరు, గానం ఒకరి పేరు. మా దాదీ పేరు ఎక్కడ లేదు. సేకరణ అని కూడ రాయలే. దాదీకి ఫోన్‌ల చూపిస్తే నవ్వి, ఇది నా పాట లెక్క ఉన్నది కానీ నాది కాదు అన్నది. ఆమె కోపం చేసుకోలే. నాకే కోపం వచ్చింది. ఆ కోపంతోనే నేను ఈ సంగతులన్నీ వెతుకుడు మొదలుపెట్టిన.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తున్న. జానపద పాటకు ఓనర్ ఎవరు, అది అందరిది కదా, పేరెందుకు అని మన గ్రూపులనే ఒక అన్న అడిగిండు. మంచి ప్రశ్న. దీనికి నా జవాబు ఢావ్లో.

ఢావ్లో తెలియని కోయ, చెంచు, గోండు దోస్తుల కోసం చెప్తున్న. మా లంబాడి పెండ్లిల పిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు తల్లిని, అన్నదమ్ములను, దోస్తులను ఒక్కొక్కరిని పట్టుకొని ఏడ్చుకుంట పాడేది ఢావ్లో. అది సగం ఏడుపు, సగం పాట. పుస్తకంల చూసి పాడేది కాదు. రాగం తరతరాల నుంచి వచ్చిందే, కానీ మాటలు ఆ పిల్ల అప్పటికప్పుడు కట్టుకోవాలె. తల్లి ఏం పెట్టింది, అన్న ఏం కొనిచ్చిండు, తను మేపిన ఆవు ఏది, ఎవరితోని నీళ్లకు పోయింది, అన్నీ అందుల వస్తయి. ఇద్దరు పిల్లల ఢావ్లో ఒక్క తీరుగ ఉండదు. మరి దీనికి కర్త లేదని ఎట్లంటం? కర్త ఆ పిల్లనే. మా దాదీ 60 ఏండ్ల కింద పాడిన ఢావ్లో దాదీ రాసింది. కాయితం మీద రాయలే, గొంతుతోని రాసింది. ద్వోర్జాక్ పాటకు ద్వోర్జాక్ పేరు ఉండాలంటే దాదీ ఢావ్లోకు దాదీ పేరు ఎందుకు ఉండొద్దు?

యానాచెక్ నుంచి మనం నేర్చుకోవాల్సింది కూడ ఇక్కడనే ఉన్నది. ఆయన హుక్వాల్దీ అనే చిన్న ఊర్ల 1854ల పుట్టిండు. ఇంట్ల పిల్లలు ఎక్కువ, పైసలు తక్కువ. 11 ఏండ్లకే ఇల్లు విడిచి బ్రనోల ఒక మఠంల ఉండి పాడుకుంట చదువుకున్నడు. ఒక తీరుగ హాస్టల్ పిలగాడే. పెద్దయినంక బార్తోష్ అనే ఆయనతోని కలిసి పల్లెలు తిరిగి రెండు వేలకు పైగ మొరావియా పాటలు పుస్తకం వేసిండు. అది 1901 నాటికి పూర్తయ్యింది. 53 మొరావియా పాటలకు పియానో కూడ రాసిండు. ద్వోర్జాక్ లెక్క కొత్త రాగం కట్టలే. పల్లె రాగం పల్లె రాగంగనే ఉంచిండు. పియానో ఏం చేస్తదంటే, ఆ ఊర్లల్ల పెండ్లిళ్లకు వాయించే సింబలోం అనే తీగల వాయిద్యం లెక్క మోగుతది, గొంతు కిందనే ఉంటది, పైన ఎక్కదు.

ఇంకోటి చేసిండు. మనుషులు మాట్లాడుతుంటే ఆ మాట ఎక్కడ లేస్తది, ఎక్కడ పడ్తది, ఎక్కడ ఆగుతది అని స్వరాలల్ల రాసుకునేటోడు. బజార్ల కూరగాయలమ్మే ఆమె మాట, పిల్లల మాట, అన్నీ. 1903ల ఆయన బిడ్డ ఓల్గా 20 ఏండ్లకే జబ్బుతోని చనిపోయేముందు మాట్లాడిన మాటలను కూడ అట్లనే రాసుకున్నడు. మొదట విన్నప్పుడు ఇదేం మనిషిరా అనిపించింది. తర్వాత సమజైంది. ఏడుపుకు కూడ రాగం ఉంటది, ఆ రాగం ఆ ఒక్క మనిషిదే, పోతే మళ్ల రాదని ఆయనకు తెలుసు. ఢావ్లో విన్నోళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు.

అందుకే కీబోర్డ్ అన్నలకు ఒక మాట. కీబోర్డ్ మెట్లు కట్టి పెట్టినట్టు ఉంటయి. మన అవ్వల గొంతు మెట్టుకు మెట్టుకు నడుమ జారుతది. ఆ జారుడులనే ఢావ్లో ఉన్నది. డీజే బీట్ ఒకే తీరు పోతది. ఢావ్లోల ఏడుపు వచ్చిన కాడ పాట ఆగుతది, ఊపిరి తీసుకొని మళ్ల ఎత్తుకుంటది. బీట్ కోసం ఆ ఆగుడు తీసేస్తే మిగిలేది ట్యూన్ మాత్రమే, ఢావ్లో కాదు. కీబోర్డ్ పెట్టండి, కానీ గొంతు ముందు నడవాలె, కీబోర్డ్ వెనుక నడవాలె. తీజ్ పాటలకైతే తాళం ఉంటది, మొలకలకు నీళ్లు పోసుకుంట ఆడపిల్లలు కలిసి పాడేవి కాబట్టి వాటికి వాయిద్యం ఇంకా సులువుగ కూడుతది. మొదలు వాటితోని చేద్దాం. ఢావ్లో స్టేజి మీద వద్దనుకునే అక్కల మాట కూడ వినాలె. అది పెండ్లి పిల్ల సొంత బాధ, అందరి ముందట ఆటకు పెట్టేది కాదని వాళ్లంటే, నేను వాళ్ల దిక్కే.

వాయిద్యం అసలే ముట్టొద్దనే అన్నలకు కూడ ఒక మాట. పాటను అట్లనే కాపాడుకుందాం అంటున్నరు, మంచిదే. కానీ కాపాడుతున్నది ఎవరు? ఇయ్యాల మన పెండ్లిళ్లు ఫంక్షన్ హాల్లల్ల అయితున్నయి. పిల్లను సాగనంపేటప్పుడు డీజేల సినిమా పాట పెడ్తున్నరు. మా తండాల నా ఈడు ఆడపిల్లలల్ల ఢావ్లో కట్టి పాడొచ్చేటోళ్లు ముగ్గురు కూడ లేరు. కొందరికి సిగ్గు, హాస్టల్‌ల చదువుకున్నోళ్లం ఏడ్చుకుంట పాడుడు ఏంది అని. మనోళ్లల్ల సగంమంది పుణె, బొంబాయి వలస పోతే పాట నేర్పేది ఎవరు, నేర్చుకునేది ఎవరు? అట్ల ముట్టకుంట ఉంచిన పాట ముసలోళ్లతోనే మట్టిల కలుస్తది. ఏ పాటైనా పిల్లల నోట్లకు రావాలె. దానికి కీబోర్డ్ సాయమైతే సాయం తీసుకుందాం.

మరి ఏం చేద్దాం? గొప్ప గొప్పవి కాదు, మన చేతుల ఉన్నవే చెప్తున్న.

ఒకటి. ముందు ఉత్త గొంతు రికార్డు. కీబోర్డ్, ప్యాడ్ అన్నీ తర్వాత. ఫోన్ చాలు. ఫ్యాన్ బంద్ చేసి, టీవీ బంద్ చేసి, ఫోన్ దగ్గర పెట్టి మొదటి నుంచి చివరి దాక కత్తిరించకుంట తీయాలె. నడుమ దగ్గినా, నవ్వినా, ఏడ్చినా ఉంచాలె.

రెండు. రికార్డు మొదట్లనే పాడే మనిషి తన నోటితోని తన పేరు, తండా పేరు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదో చెప్పాలె. ఇది ఫైల్‌లనే ఉంటే ఎవరూ తీసేయలేరు.

మూడు. అడగాలె. నీ పాట నలుగురికి వినిపించొచ్చా, కార్యక్రమంల వాడొచ్చా అని ఆమె భాషల అడగాలె. వద్దంటే వద్దు. పైసలు వస్తే ఆమెకు ముట్టాలె.

నాలుగు. మాటలు గోర్ బోలిలనే రాయాలె, తెలుగు అక్షరాలతోని. పక్కన అర్థం. తెలుగు అక్షరాలల్ల మన భాష రాదు అనేటోళ్లు కేతావత్ సోమ్లాల్ గారిని చూడండి. భగవద్గీతనే బంజారా భాషలకు తెచ్చిండు, 2024ల పద్మశ్రీ వచ్చింది. గీత వచ్చినప్పుడు దాదీ పాట రాదా? కోయ, గోండి దోస్తులు మీ భాషల మీరు ఇట్లనే చేయండి.

ఐదు. స్టేజి మీద పాడేటప్పుడు పాట కంటె ముందు ఆ పేరు చెప్పాలె. ఫలానా తండా, ఫలానా అవ్వ పాట, మేం వాయిద్యం జత చేసినం అని. యూట్యూబ్‌ల పెడితే మొదటి లైన్ల ఆమె పేరు, తర్వాతనే మన పేర్లు.

ఇది చేయడానికి గ్రాంటు అక్కర్లేదు, ఆఫీసు సంతకం అక్కర్లేదు. మొరావియా పాటలు రాసుకునేటందుకు ఫాదర్, మాస్టర్లు బయటి నుంచి ఊర్లకు పోవాల్సి వచ్చింది. మనకు ఆ కష్టం లేదు. మనం ఆ ఇంట్లనే పుట్టినం, ఆ భాషలనే ఏడ్చినం. ఫోన్ జేబుల ఉన్నది. చదువు ఇంత వచ్చింది. మన ఇండ్లల్ల అక్షరం వచ్చిన మొదటి తరం మనదే. మన అవ్వలకు అక్షరం రాదు కాబట్టి వాళ్ల పేరు వాళ్లు రాసుకోలేకపోయిన్రు. మనకు వచ్చి కూడ రాయకపోతే ఇగ ఎవరు రాస్తరు?

తీజ్‌కు ఇంకా టైం ఉన్నది. గ్రూపుల ఉన్న ప్రతి ఒక్కరు తమ తండా నుంచి, గూడెం నుంచి, పెంట నుంచి ఒక్క పాట ఉత్త గొంతుతోని, పేరుతోని ఇక్కడ పెట్టండి. కీబోర్డ్ ఉండాల్నా వద్దా అని తర్వాత అందరం కూసొని, ఆ పాటలు పాడిన అవ్వలను కూడ కూసోబెట్టుకొని మాట్లాడుదాం. వాళ్లు ఊ అంటే పెడదాం, వద్దంటే నంగారా చాలు.

మొదటి పాట నేనే పెడ్తున్న, ఈ శనివారం ఇంటికి పోయి వచ్చినంక.

జై సేవాలాల్.
మక్తల్ హాస్టల్ నుంచి మీ తమ్ముడు